చేపల కంటే ముందు నీళ్ళు

మా పై అంతస్తులో ఉండే మిత్రులొకరు మొన్న ఆదివారం ఇంటికి వచ్చారు. వాళ్ళబ్బాయి పుట్టినరోజు ఇంకో పది రోజుల్లో ఉందట, చేపల తొట్టి కొనిపెడతానని మాట ఇచ్చేశారట. "మీ ఇంట్లో చేపలు హాయిగా ఉన్నాయి కదా, ఏమేం కొనాలో కాస్త రాసివ్వండి" అన్నారు. రాసిచ్చాను. తొట్టి, ఫిల్టరు, గులకరాళ్ళు, థర్మామీటరు, నీటి పరీక్ష సామగ్రి, నాలుగు రకాల మొక్కలు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి చేపలు రాయలేదేం?" అన్నారు. "అవి నెల తరువాత" అన్నాను. ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి కాసేపు ఊరుకుని, "పుట్టినరోజు నాడు పిల్లవాడికి ఉత్త నీళ్ళు చూపించమంటారా?" అన్నారు.

అవును, ఉత్త నీళ్ళే చూపించమంటాను. ఆ పూట గుమ్మం దగ్గర నిలబడి సరిగ్గా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ తీరిగ్గా రాసుకుంటున్నాను. చేపలను పెంచడమంటే ముందుగా నీటిని పెంచడమనీ, ఆ నెల రోజులూ ఆగలేనివారు చేపల జోలికి పోకపోవడమే మేలనీ నా అభిప్రాయం. కాస్త కటువుగా ఉందని నాకూ తెలుసు. అయితే ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలిగినది కాదు. నా చేతుల మీదుగా పోయిన పద్నాలుగు చేపల వలన కలిగినది.

2022 నవంబరులో మా అమ్మాయికి ఏడేళ్ళు నిండాయి. అప్పుడు నేనూ మా మిత్రుడిలాగే మాట ఇచ్చాను. హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్ళి, గంటసేపట్లో సమస్తమూ కొనుక్కుని బయటపడ్డాం. రెండడుగుల గాజుతొట్టి, నీలం రంగు రాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే ఈతగాడి బొమ్మ, వీటన్నిటితోబాటు నాలుగు పాలిథీన్ సంచుల్లో పది చేపలు: రెండు గోల్డ్‌ఫిష్, నాలుగు మాలీలు, రెండు ఏంజెల్ చేపలు, తొట్టిని శుభ్రం చేస్తాయని చెప్పి అంటగట్టిన రెండు సకర్ చేపలు. ఒక చిన్న సీసాలో నీలం రంగు మందు కూడా ఇచ్చారు. ఎలా చూసుకోవాలని అడిగితే వచ్చిన సలహా ఇది: వారానికొకసారి నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ ఫిల్టరూ కుళాయి కింద శుభ్రంగా కడిగి, కొత్త నీళ్ళు పోయడం. ఆ సలహా విన్నప్పుడు నాకు ఎంతో సబబుగా తోచింది. గిన్నెలు కడిగినట్టే కదా అనుకున్నాను.

మూడో నాటికి నీళ్ళు పలచని పాలలాగా అయ్యాయి. నాలుగో నాడు మాలీలు నీటి ఉపరితలానికి చేరి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. మా అమ్మాయి అది చూసి "చేపలు మాట్లాడుతున్నాయి నాన్నా!" అని సంబరపడింది. నేనూ సంబరపడ్డాను. ఊపిరందక చేస్తున్న ప్రయత్నమని ఆనాడు ఇద్దరిలో ఎవరికీ తెలియదు. అయిదో నాడు ఒక ఏంజెల్ చేప వెల్లకిలా తేలింది. నేను కంగారుపడి, విన్న సలహా ప్రకారం నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళూ ఫిల్టరు స్పాంజీ బరబరా రుద్ది కడిగి, కార్పొరేషన్ కుళాయి నీళ్ళు నేరుగా పట్టి పోశాను. తెల్లవారేసరికి మరో నాలుగు పోయాయి.

ఆ తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పిల్ల బడినుంచి వచ్చేలోగా దుకాణానికి వెళ్ళి, అవే రంగులు, అదే సైజు చూసి అయిదు చేపలు కొనుక్కొచ్చి తొట్టిలో వదిలాను. దుకాణంలో వాళ్ళు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "చేపలన్నాక పోతుంటాయి సార్" అన్నారు. సాయంత్రం మా అమ్మాయి పుస్తకాల సంచి దింపకుండానే తొట్టి ముందు నిలబడి చూసి, "దీని తోక మీద మచ్చ లేదేం?" అని అడిగింది. పది చేపల్లో ఒక నల్లమచ్చ మాలీకి అది ఏదో పేరు కూడా పెట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది. పెద్దదయిందని చెరువులో వదిలేశానని చెప్పాను. ఆ అబద్ధం నమ్మి, "అయితే మిగతావాటిని కూడా వదిలేద్దాం నాన్నా, చెరువులో అయితే అన్నీ కలిసి ఉంటాయి" అంది. ఆ సంగతి మళ్ళీ చెబుతాను.

నెలాఖరుకు తొట్టిలో ఒక సకర్ చేప మాత్రం మిగిలింది.

అసలు ఏం జరిగిందో తెలుసుకోవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. చేప నీటిలోనే తింటుంది, నీటిలోనే విసర్జిస్తుంది. దాని ఒంటిలో తయారయ్యే అమ్మోనియా చాలావరకు మొప్పల గుండా నీటిలోకి వస్తుంది. తినగా మిగిలి కుళ్ళిన మేత నుంచి మరికొంత చేరుతుంది. ఈ అమ్మోనియా చేపకు విషం. నదిలోనో చెరువులోనో అయితే అది పలచనైపోతుంది, దాన్ని ఆహారంగా తీసుకునే సూక్ష్మజీవులూ కోట్లకొలదిగా ఉంటాయి. కొత్త తొట్టిలో ఆ రెండూ లేవు. యాభై లీటర్ల నీళ్ళు, పది చేపలు, నాలుగు గాజుగోడలు. తాము వదిలిన విషంలోనే తాము ఊపిరి పీల్చుకోవాలి.

ఆ సూక్ష్మజీవుల పని రెండు మెట్లలో జరుగుతుంది. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా తక్కువది కాదు, చేప రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని చెడగొడుతుంది, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి. మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మటుకు కొంత మోతాదు వరకూ చేపలకు పెద్దగా హాని చెయ్యదు, మొక్కలకు ఎరువు కూడాను. మిగిలినదాన్ని వారం వారం కొంత నీరు మార్చి తగ్గించుకోవచ్చు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు రెండు గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్‌నేరియా అనే నీటిమొక్కను, కుళ్ళిన ఆకులను తినడానికి నత్తలను ఒక తొట్టిలో ఉంచి, నీరు మార్చకుండానే అవి ఒకదాన్నొకటి ఎలా పోషించుకుంటాయో వివరించాడు. చేపల తొట్టికి శాస్త్రీయమైన పునాది అక్కడ పడిందంటారు. ఆయనకు తెలియని నాలుగో జీవి ఆ తొట్టిలో ఉండే ఉంటుంది. ఈ సూక్ష్మజీవులను వినొగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతంలో వేరుచేసి చూపాడు. మంచినీటి తొట్లలో నైట్రైటును మార్చేవి, అంతవరకూ అనుకున్నట్టు నైట్రోబాక్టర్ కాదనీ నైట్రోస్పైరా జాతివనీ 1998లో గాని తేలలేదు. రెండు మెట్లనూ ఒంటిచేత్తో పూర్తిచేసే నైట్రోస్పైరాలు ఉన్నాయని 2015లో బయటపడింది. వాటిని గుర్తించిన చోట్లలో ఒకటి నెదర్లాండ్స్‌లోని ఒక చేపల పెంపక వ్యవస్థ ఫిల్టరు. మా ఇంట్లో నేను కుళాయి కింద బరబరా రుద్ది కడిగేసింది వీటినే, అప్పుడప్పుడే ఒకటీ అరా చేరుతుండగానే! పైగా కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. మనం తాగే నీటిలో సూక్ష్మజీవులను చంపడానికి కలిపేది తొట్టిలోని సూక్ష్మజీవులను మాత్రం ఎందుకు వదులుతుంది? చేపల మొప్పలనూ అది కాలుస్తుంది.

దీన్నంతా మా అమ్మకు ఫోనులో వివరిస్తే ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది: "తోడు వేయకుండా పెరుగు కావాలంటే ఎట్లారా?" ఇంతకన్నా మంచి ఉపమానం నాకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు. తొట్టికి తోడు ఫిల్టరులోనూ రాళ్ళ మీదా పెరిగే ఈ జీవులే. తేడా ఒక్కటే, పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది, తొట్టికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తోడు పక్కింటినుంచి తెచ్చుకున్నట్టే, బాగా నడుస్తున్న తొట్టి నుంచి ఒక పాత ఫిల్టరు స్పాంజీ ముక్కను అడిగి తెచ్చుకుంటే ఆ గడువు తగ్గుతుంది.

మా మిత్రుడికి రాసిచ్చిన కాగితం వెనక ఉన్న లెక్క ఇది. తొట్టి ఎంత పెద్దదయితే అంత సులువు, ఎందుకంటే ఎక్కువ నీటిలో విషమూ వేడీ నెమ్మదిగా మారతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా పోస్తే 56 లీటర్ల నీరు పడుతుంది. రాళ్ళూ గాజూ కలుపుకుంటే బరువు డెబ్బై కిలోలకు తగ్గదు. టీవీ పక్కన ఉండే పలచని బల్ల దానికి చాలదు. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గరా పెట్టకూడదు, నాచు పట్టడమే కాక వేసవిలో నీళ్ళు కాగుతాయి. కుళాయి నీటిని యాంటీ క్లోరిన్ చుక్కలతో గాని, వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవబెట్టి గాని పోయాలి. శుద్ధి చేసినవి కదా అని తాగే ఆర్.ఓ. నీళ్ళు మాత్రమే పోయడం పొరపాటు, చేపలకు కావలసిన లవణాలు వాటిలో ఉండవు.

ఫిల్టరును రాత్రింబగళ్ళు నడపాలి. చేపలు లేకపోయినా రోజూ చిటికెడు మేత నీళ్ళలో వేయాలి. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, దానికోసం సూక్ష్మజీవులు పెరుగుతాయి. నాలుగు రోజులకొకసారి పరీక్షగొట్టంలో నీళ్ళు తీసి చూస్తే, ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. మేత వేస్తున్నా రెండూ సున్నా చూపి, నైట్రేటు మాత్రమే కనబడిననాడు నీళ్ళు కుదురుకున్నట్టు. అప్పుడు కొంత నీరు మార్చి మూడు నాలుగు చేపలు, ఇంకో రెండు వారాలకు మరికొన్ని. ఆ తరువాత వారానికి పాతిక శాతం నీరు మారిస్తే చాలు. ఫిల్టరు స్పాంజీని కుళాయి కింద కాక, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే మెల్లగా పిండాలి.

ఏ చేపలన్నది మన నీటినిబట్టి ఉంటుంది. మనలో చాలామంది ఇళ్ళలో వచ్చేది ఉప్పులు ఎక్కువగా ఉన్న బోరు నీరు. అందులో గప్పీలు, మాలీలు, ప్లాటీలు సుఖంగా బతుకుతాయి. అమెజాన్ ప్రాంతపు మెత్తని నీటికి అలవాటుపడ్డ నియాన్ టెట్రాలకు అది పడదు. ఇలాంటి నీరు సాధారణంగా క్షారగుణంతో ఉంటుంది కాబట్టి మనకు ఇంకో చిక్కు ఉంది. 25 డిగ్రీల దగ్గర, పి.హెచ్. 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకు మాత్రమే. పి.హెచ్. 8 అయితే అదే అయిదు శాతం దాటుతుంది. అంటే ఆగవలసిన అవసరం మనకే ఎక్కువ. గోల్డ్‌ఫిష్ ఉష్ణమండలపు చేపే కాదు, చల్లని నీటి చేప, జానెడు దాటి పెరిగేది, పదేళ్ళకు పైగా బతకగలిగేది. దాన్ని ఏంజెల్ చేపతో కలిపి అమ్మినవారిది ఎంత తప్పో, అడగకుండా కొన్న నాదీ అంతే తప్పు. ఉష్ణమండలపు చేపలకు 24 నుంచి 28 డిగ్రీల వేడి కావాలి. హైదరాబాదు చలికాలపు రాత్రులకు చిన్న హీటరు అవసరమే. కోస్తా ఊళ్ళలో హీటరు కంటే వేసవి సంగతి చూసుకోవాలి. నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. కరెంటు పోయి ఫిల్టరు ఆగితే చేపలకే కాదు, లోపలి సూక్ష్మజీవులకూ ఊపిరి అందదు.

ఇదంతా రహస్యం కాదు. మరి కొనేటప్పుడు ఎందుకు ఎవరూ చెప్పరు? నాకు తోచిన కారణం చేప ధర. నేను కొన్న పరీక్ష సామగ్రి వెలతో ఆ దుకాణంలో ముప్పై మాలీలు కొనవచ్చు. ఒక ప్రాణం ఇరవై రూపాయలకు దొరికేటప్పుడు దాన్ని కాపాడుకోవడం కంటే మళ్ళీ కొనుక్కోవడమే తెలివైన పనిగా కనబడుతుంది. అమ్మేవారికీ అదే లాభం, కొనేవారికీ అదే సుఖం. మందుల సీసాలు, ఉప్పు, కొత్త చేపలు, మళ్ళీ మందులు. ఇందులో ఒక్క దుకాణాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఖాళీ తొట్టి కొని, నెల తరువాత వచ్చి చేపలు తీసుకుంటామనే గిరాకీ వస్తే ఏ దుకాణదారయినా వద్దంటాడా? మనమే ఒక్క సాయంత్రంలో అన్నీ కావాలంటున్నాం. ఈశాన్యంలో పెడితే కలిసొస్తుందని కొందరూ, సోఫాల రంగుకు నప్పుతుందని కొందరూ కొనే వస్తువుకు నెలరోజుల నిరీక్షణ విడ్డూరంగానే ఉంటుంది మరి.

దీనికి రెండు ఆక్షేపణలు వింటూ ఉంటాను. మొదటిది: "మా చిన్నప్పుడు మురిక్కాలవలో గప్పీలు పట్టి హార్లిక్స్ సీసాలో వేసుకునేవాళ్ళం, బ్రహ్మాండంగా బతికేవి." నేనూ వేసుకున్నాను. మన కాలవల్లో గప్పీలు దోమల కోసం వదిలినవాటి సంతానం, ఎంతటి నీటికైనా ఓర్చుకునే గట్టి ప్రాణులు. అయినా నిజం చెప్పండి, ఆ సీసాల్లో ఎన్ని పోయాయో మనలో ఎవరికైనా లెక్క గుర్తుందా? బతికిన ఒకటి రెండే గుర్తుంటాయి. పాతకాలపు పెంపకందార్లు ముందుగా ఇలాంటి గట్టి చేపను వేసి, దాని మీదుగా నీటిని కుదుర్చుకునేవారన్నదీ నిజమే. చిటికెడు మేతతో అయ్యే పనికి ఒక ప్రాణిని విషంలో ముంచడం ఎందుకన్నదే నా ప్రశ్న.

రెండోది కాస్త పదునైనది. "వారానికొకసారి చేపల పులుసు తినేవాడివి, ఇరవై రూపాయల మాలీ మీద ఇంత జాలా?" తింటాను, కాదనను. ఈ వైరుధ్యానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ తినడానికి తెచ్చుకున్న చేపను పెంచుతున్నానని నేను ఎవరికీ చెప్పలేదు. పిల్ల చేతికి ఇచ్చి, పేరు పెట్టించి, ఇది నీదని చెప్పినదానికి మాత్రం ఆ మాట చెప్పాను. పెంచుతానన్న మాటకు కొంత బాధ్యత ఉంటుంది కదా. అసలు అడవిలోనూ నదిలోనూ ఉండేవాటిని గాజుగోడల మధ్య పెట్టడమే తప్పని ఎవరైనా అంటే, వారితో వాదించే ధైర్యం కూడా నాకు లేదు. పెంచదలచుకుంటే ఇలా పెంచాలని మాత్రమే అంటున్నాను.

చెరువు సంగతి చెబుతానన్నాను. మా అమ్మాయి మాట విని ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది, మిగిలిన సకర్ చేపను దగ్గరి చెరువులో వదిలేస్తే పీడా పోతుందని. తరువాత తెలిసింది, అది దక్షిణ అమెరికా చేప. అడుగుకు మించి పెరుగుతుంది. ఒళ్ళంతా గట్టి పలకల కవచం. ఇలా జనం వదిలేసినవే ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశంలో అనేక చోట్ల నదుల్లో, చెరువుల్లో పెరిగి, గట్లను తొలిచి, జాలరుల వలలు చింపుతున్నాయి. దెయ్యం చేప అని వార్తల్లో రాసేది దీన్నే. మన ఇంటి చేపను చెరువులో వదలడం దయ కాదు, మన బరువును జాలరి నెత్తిన దింపడం.

అందుకని ఆ ఆదివారం పిల్లను కూర్చోబెట్టి నిజం చెప్పాను. నల్లమచ్చ మాలీ చెరువులో లేదనీ, నేను నీళ్ళు సరిగా చూసుకోక చచ్చిపోయిందనీ. అది ఏడ్చింది. "నువ్వు అబద్ధం చెప్పావు" అని రెండు రోజులు మాట్లాడలేదు. చేప పోయినందుకు కంటే దానికే ఎక్కువ ఏడ్చిందేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. సకర్ చేపను పెద్ద తొట్టి ఉన్న ఒక పెంపకందారుకు ఇచ్చేశాం. తరువాత జనవరిలో మళ్ళీ మొదలుపెట్టి, ఆయన దగ్గరి నుంచే స్పాంజీ ముక్క తోడు తెచ్చుకుని, అయిదు వారాలు ఖాళీ నీళ్ళు పెంచాం. పరీక్షగొట్టంలో రంగు ఏమిటో, ఆకుపచ్చా పసుపా అని, పిల్ల ఒక రూళ్ళ నోటుపుస్తకంలో రంగుపెన్సిళ్ళతో వేసి తేదీ రాసేది. ఇప్పటికీ ఆ పుస్తకం తొట్టి కింద అరలోనే ఉంది. ఆనాడు వేసిన ఆరు ప్లాటీల సంతానం ఇప్పుడు తొట్టిలో తిరుగుతున్నాయి.

నిన్న సాయంత్రం మా మిత్రుడు మళ్ళీ వచ్చారు. ఖాళీ పెరుగు డబ్బా ఒకటి చేతిలో ఉంది. "ఆ స్పాంజీ ముక్కేదో ఇస్తానన్నారు కదా" అన్నారు. మా అమ్మాయే తొట్టిలో చెయ్యి పెట్టి తీసి, ఆరకుండా కాసిని తొట్టి నీళ్ళు కూడా పోసి ఇచ్చింది. ఆ నోటుపుస్తకం కూడా ఇమ్మంటే మాత్రం ఇవ్వలేదు. వాళ్ళబ్బాయిని వేరేది కొనుక్కోమంది.